అల్మారాలో ఉర్దూ, చేతిలో తెలుగు: మంచి పుస్తకాలు ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి, ఎలా పంచుకోవాలి?

చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. దాదా కాలం నాటి అల్మారాలో పుస్తకాలు ఉంటాయి. యునానీ వైద్యం మీద ఒకటి, హైదరాబాద్ చరిత్ర మీద ఒకటి, ఎవరిదో సఫర్‌నామా ఇంకొకటి. అన్నీ ఉర్దూలోనే. దాదీకి చదవడం వచ్చు, కళ్లు సహకరించవు. అబ్బా కూడబలుక్కుని చదువుతారు. తెలుగు మీడియంలో పదో తరగతి చదివే అమ్మాయి ఇంట్లో ఉర్దూ గలగలా మాట్లాడుతుంది కానీ అలిఫ్, బే దాటి ముందుకు పోలేదు.

అదే అమ్మాయి ఫోన్‌లో వాట్సాప్ గ్రూపుల నుంచి వచ్చిన పీడీఎఫ్‌లు పదుల సంఖ్యలో ఉంటాయి. మొదటి రెండు పేజీలు ఉండవు. రాసిందెవరో తెలియదు, ఎప్పుడు అచ్చయిందో తెలియదు. "మన చరిత్ర, అందరికీ పంపండి" అని మాత్రం రాసి ఉంటుంది.

కథలు, నవలలు కాకుండా చరిత్ర, జీవిత చరిత్రలు, యాత్రలు, సైన్సు, ఆరోగ్యం, చట్టం, డబ్బు లెక్కలు లాంటి పుస్తకాలు కావాలంటే ఈ రోజుల్లో డబ్బు పెద్ద అడ్డంకి కాదు. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో చట్టబద్ధంగా, ఉచితంగా దొరికేవి ఒక జీవితంలో చదవలేనన్ని ఉన్నాయి. కావాల్సింది మూడు విషయాలు తెలియడం: ఏది నిజంగా ఉచితం, ఎక్కడ వెతకాలి, వచ్చిన పుస్తకాన్ని ఎంతవరకు నమ్మాలి. వీటికి తోడు మన ఇళ్లకే ప్రత్యేకమైన నాలుగో సమస్య ఒకటి ఉంది: పుస్తకం ఉన్న లిపి ఒకటి, పిల్లలకు వచ్చిన లిపి ఇంకొకటి.

ఏది ఉచితం, ఏది కాదు

ఇంటర్నెట్‌లో దొరికిందంటే ఉచితమే అనుకునేవాళ్లు చాలామంది. అది తప్పు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన పుస్తకం మీద హక్కు ఆయన జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. ఆ 60 ఏళ్లను రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్కపెడతారు. మొదట్లో ఈ గడువు 50 ఏళ్లే. రవీంద్రనాథ్ టాగోర్ రచనల మీద హక్కు ముగిసిపోయే సమయానికి, 1990ల మొదట్లో దాన్ని 60కి పెంచారు.

లెక్క సులువు. రచయిత చనిపోయిన సంవత్సరానికి 61 కలపండి. వచ్చిన సంవత్సరం జనవరి 1 నుంచి ఆ పుస్తకాలు అందరివీ.

- మహాత్మా గాంధీ మరణం 1948. ఆయన రచనలు 2009 నుంచి అందరివీ.
- సురవరం ప్రతాపరెడ్డి మరణం 1953. ఆయన రచనలు 2014 నుంచి.
- డాక్టర్ అంబేద్కర్ మరణం 1956. బతికుండగా అచ్చయిన రచనలు 2017 నుంచి.
- టంగుటూరి ప్రకాశం మరణం 1957. 2018 నుంచి.
- మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ మరణం 1958. బతికుండగా అచ్చయినవి 2019 నుంచి.
- దక్కనీ భాష, గోల్కొండ చరిత్ర మీద పనిచేసిన డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ మరణం 1962. 2023 నుంచి.
- జవహర్‌లాల్ నెహ్రూ మరణం 1964. 2025 నుంచి.

ఇక్కడ కొన్ని మెలికలు ఉన్నాయి. రచయిత చనిపోయాక మొదటిసారి అచ్చయిన పుస్తకానికి 60 ఏళ్లు అచ్చయిన సంవత్సరాన్ని బట్టి లెక్కిస్తారు. ఇద్దరు కలిసి రాస్తే, ఇద్దరిలో ఆఖరున చనిపోయినవారి సంవత్సరం చూడాలి. అన్నింటికంటే ఎక్కువగా జనం పొరపాటు పడేది అనువాదం దగ్గర. అనువాదకుడి హక్కు వేరు. గాంధీజీ ఆత్మకథ గుజరాతీ మూలం ఇప్పుడు అందరిదీ. మహదేవ్ దేశాయ్ 1942లో చనిపోయారు కాబట్టి ఇంగ్లిష్ అనువాదంలో ఆయన చేసిన భాగమూ అందరిదే. కానీ అదే పుస్తకాన్ని ఇప్పుడు బతికి ఉన్న ఒకరు తెలుగు చేస్తే, ఆ తెలుగు పుస్తకం మీద హక్కు ఆ అనువాదకుడిదే. కొత్తగా చేర్చిన ముందుమాటకు, వివరణలకు కూడా ఇదే వర్తిస్తుంది.

బతికున్న రచయితలు తమంతట తాము ఉచితంగా ఇచ్చిన పుస్తకాలూ ఉన్నాయి. దీనికి క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్స్ వాడతారు. రచయిత పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చని పుస్తకం మీదే రాసి ఉంటుంది. అది కనిపిస్తే నిశ్చింతగా పంపొచ్చు.

తెలుగు పుస్తకాలు: మొదట చూడాల్సిన చోట్లు

తెలుగు వికీసోర్స్. ఇది వికీపీడియాకు తోబుట్టువు లాంటిది. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు అక్షరం అక్షరం టైపు చేసి, సరిచూసి పెడతారు. అందుకే ఇక్కడి పుస్తకం ఫోన్‌లో మామూలు వార్తలా చదువుకోవచ్చు. అక్షరం పెద్దది చేసుకోవచ్చు, ఒక పేరు కొట్టి ఎక్కడుందో వెతకొచ్చు. స్కాన్ చేసిన పేజీ పక్కనే ఉంటుంది కాబట్టి అనుమానం వస్తే సరిపోల్చుకోవచ్చు.

ఈ పాఠకులు అక్కడ తప్పకుండా చూడాల్సిన పుస్తకం ఒకటుంది. సయ్యద్ నశీర్ అహమ్మద్ 2010లో వినుకొండ నుంచి ప్రచురించిన "అక్షర శిల్పులు". తెలుగులో రాసిన ముస్లిం కవులు, రచయితల పరిచయాలు ఒక్కచోట చేర్చిన పుస్తకం ఇది. ఊరు, పుట్టిన తేదీ, చదువు, ఉద్యోగం, రాసిన పుస్తకాలు, ఇలా ఒక్కొక్కరి గురించి వివరాలు ఉంటాయి. "మనవాళ్లలో తెలుగులో రాసినవాళ్లు ఉన్నారా?" అని పిల్లలు అడిగితే చేతికివ్వాల్సిన పుస్తకం. సొంత ఊరి పేరు కొట్టి వెతికితే తెలిసిన ఇంటిపేరు తగిలినా ఆశ్చర్యం లేదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996లో అమెరికాలో మొదలైన లాభాపేక్ష లేని డిజిటల్ లైబ్రరీ. తెలుగు, ఉర్దూ పుస్తకాలు ఇందులో పెద్ద సంఖ్యలో ఉండటానికి కారణం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలనే ఆలోచనతో 2000ల మొదట్లో సాగిన ఈ పనికి ముందు నిలిచింది రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ స్కాన్లే ఇప్పుడు ఆర్కైవ్‌లో ఉన్నాయి. పేజీలు తిప్పుతుంటే ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ ముద్ర తరచుగా కనిపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఆర్కైవ్‌లో ఉన్నంత మాత్రాన ఉచితం అని కాదు, హక్కులు ముగియని పుస్తకాలూ అందులో చేరాయి. పైన చెప్పిన 61 లెక్క వేసుకోవాలి. రెండోది, కొన్ని కొత్త ఇంగ్లిష్ పుస్తకాలను అక్కడ గంటసేపో, కొన్ని రోజులో అరువు తీసుకుని చదివే పద్ధతి ఉండేది. దాని మీద 2020లో నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. 2023లో కోర్టు ప్రచురణ సంస్థల పక్షాన తీర్పిచ్చింది, 2024 సెప్టెంబర్‌లో అప్పీల్ కోర్టు దాన్నే ఖాయం చేసింది. లక్షల పుస్తకాలను అరువు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. నిన్న కనిపించిన పుస్తకం ఇవాళ కనిపించకపోతే కారణం ఇదే కావచ్చు.

నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపించే కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టు. 2018 జూన్‌లో దేశానికి అంకితం చేశారు. స్కూలు పాఠాల నుంచి పరిశోధన వరకు ఒకే చోట వెతకొచ్చు. నమోదు ఉచితం, యాప్ కూడా ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకు మూడు పుస్తకాలు. ఒకటి, ఏనుగుల వీరాస్వామి "కాశీయాత్ర చరిత్ర". 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లొచ్చిన ఉద్యోగి దారి పొడుగునా చూసినవి రాసుకున్నారు. అప్పటి హైదరాబాద్ కూడా అందులో ఉంది. రెండు, సురవరం ప్రతాపరెడ్డి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" (1949). రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని రాసిన చరిత్ర. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దీనికే వచ్చింది. మూడు, టంగుటూరి ప్రకాశం ఆత్మకథ "నా జీవిత యాత్ర".

ఉర్దూ పుస్తకాలు

ఉర్దూకు మొదటి పేరు రేఖ్తా. కవిత్వం కోసమే చాలామందికి తెలుసు. కానీ దాని ఈ-బుక్స్ విభాగంలో చరిత్ర, జీవిత చరిత్రలు, యాత్రలు, వైద్యం, పాత పత్రికలు కూడా భారీగా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ మాత్రం ఇవ్వరు. కాబట్టి పంచుకోవాలంటే లింకే పంపాలి.

హైదరాబాద్ వాళ్లకు ఇందులో ఇంటి సంగతి ఒకటుంది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైంది. దానికి పుస్తకాలు కావాలి కదా. అందుకని 1917లోనే దారుల్ తర్జుమా, అంటే అనువాద విభాగం పెట్టారు. చరిత్ర, చట్టం, తత్వం, గణితం, వైద్యం, ఇంజనీరింగ్ వందల పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి. సైన్సు పదాలకు ఉర్దూ మాటలు తయారు చేశారు. ఆ పుస్తకాలు చాలావరకు ఇప్పుడు రేఖ్తాలో, ఆర్కైవ్‌లో స్కాన్ రూపంలో దొరుకుతాయి. పాఠ్యపుస్తకాలుగా వాటికి కాలం చెల్లింది, కానీ ఉర్దూలో ఫిజిక్స్ చెప్పిన రోజులు ఉన్నాయని పిల్లలకు చూపించడానికి ఒక్క పేజీ చాలు.

మౌలానా ఆజాద్ "గుబార్-ఎ-ఖాతిర్" (1946) కూడా తప్పకుండా చూడాలి. 1942లో క్విట్ ఇండియా అరెస్టుల తర్వాత అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉన్నప్పుడు ఒక మిత్రుడికి రాసి, పోస్టు చేయలేకపోయిన ఉత్తరాలు ఇవి. చాయ్ గురించి, గదిలో గూడు కట్టిన పిచ్చుకల గురించి, సంగీతం గురించి ఉంటాయి. ఉర్దూ కాస్త కష్టమే, కానీ పిచ్చుకల భాగం పిల్లలకు వినిపించొచ్చు. అదే కోటలో అదే సమయంలో నెహ్రూ "డిస్కవరీ ఆఫ్ ఇండియా" రాశారు. ఒకే జైలు, ఇద్దరు ఖైదీలు, రెండు పుస్తకాలు. రెండూ ఇప్పుడు హక్కులు ముగిసినవే.

పిల్లలకు, ఇంటికి పనికొచ్చేవి

ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ మూడింటిలోనూ పీడీఎఫ్‌గా ఉచితం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తెలుగు, ఉర్దూ మీడియం రెండింటిలో దొరుకుతాయి. మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ దూరవిద్య పుస్తకాలు డిగ్రీ స్థాయిలో ఉర్దూలో చదవాలనుకునేవాళ్లకు పనికొస్తాయి. చిన్నపిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో బొమ్మల పుస్తకాలు తెలుగు, ఉర్దూ రెండు భాషల్లో ఉన్నాయి. కథలే కాదు, సైన్సు, లెక్కలు, ప్రకృతి మీద కూడా ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకున్నా ఎవరూ అడగరు, లైసెన్స్ అలాంటిది.

ఆరోగ్యం విషయంలో డేవిడ్ వెర్నర్ రాసిన "వేర్ దేర్ ఈజ్ నో డాక్టర్" ప్రపంచమంతా వాడే పుస్తకం. ఇంగ్లిష్ పీడీఎఫ్‌ను ప్రచురణ సంస్థ హెస్పీరియన్ స్వయంగా ఉచితంగా ఇస్తోంది. తెలుగులో "వైద్యుడు లేని చోట" పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, అది కొనుక్కోవాలి. జ్వరం, విరేచనాలు, కాన్పు, గాయాల గురించి అర్థమయ్యేలా ఉంటుంది. అయితే మందుల మోతాదు మాత్రం పాత పుస్తకం చూసి ఎప్పుడూ నిర్ణయించుకోకూడదు. డాక్టర్‌ను అడగాల్సిందే.

డబ్బు విషయంలో రిజర్వ్ బ్యాంక్ 2022లో విడుదల చేసిన రెండు చిన్న పుస్తకాలు ప్రతి ఇంట్లో చదవాలి. ఒకటి "బీ అవేర్", రెండోది "రాజు అండ్ ది ఫార్టీ థీవ్స్". ఓటీపీ మోసాలు, నకిలీ లోన్ యాప్‌లు, ఉద్యోగం పేరుతో వసూళ్లు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి డబ్బు లాగేయడం, ఇలా మోసం ఎలా జరుగుతుందో చూపిస్తాయి. రెండోదాంట్లో నలభై మోసాలను చిన్న చిన్న కథలుగా బొమ్మలతో చెప్పారు. రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉచితం. ఇంట్లో పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లు ఉంటే రోజుకో కథ చదివి వినిపిస్తే చాలు.

చట్టాల అసలు పాఠం కోసం కేంద్ర ప్రభుత్వ ఇండియా కోడ్ సైట్ చూడాలి. రాజ్యాంగం తెలుగు ప్రతి కూడా ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

చూపు లేనివాళ్లు, అచ్చు చదవలేని ఇతర వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ మొదలైంది. వినే రూపంలో, బ్రెయిలీకి అనువైన రూపంలో భారతీయ భాషల పుస్తకాలు అందిస్తారు. హక్కులు ముగియని పుస్తకాలను కూడా వీరికోసం ఇలా మార్చి ఇవ్వడానికి 2012లో చేసిన కాపీరైట్ చట్ట సవరణ వీలు కల్పించింది.

పేరు కొడితే దొరకడం లేదా?

ఆర్కైవ్‌లో తెలుగు పుస్తకం పేరును తెలుగు లిపిలో కొడితే చాలాసార్లు ఏమీ రాదు. ఎందుకంటే స్కాన్ చేసినప్పుడు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో రకంగా నమోదు చేశారు. ఎక్కడో ఒక అచ్చు రెండుసార్లు, ఎక్కడో హల్లు తర్వాత అనవసరపు గుర్తు. ఇలా చేసి చూడండి:

- మొత్తం పేరు కాకుండా ఒక్క ముఖ్యమైన మాట కొట్టండి. "ఆంధ్రుల" మానేసి "సాంఘిక" మాత్రమే.
- దీర్ఘం ఉన్నచోట ఒకసారి ఒక అక్షరంతో, ఇంకోసారి రెండు అక్షరాలతో ప్రయత్నించండి.
- పుస్తకం పేరుతో రాకపోతే రచయిత ఇంటిపేరుతో వెతకండి.
- భాష అనే చోట తెలుగు లేదా ఉర్దూ ఎంచుకుని వడపోయండి.
- ఉర్దూ పేర్లను ఉర్దూ లిపిలో ఇంట్లో పెద్దవాళ్లతో కొట్టించండి. రేఖ్తాలో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా వస్తుంది.

పాత స్కాన్లు పదుల ఎంబీలు ఉంటాయి. డేటా తక్కువ ఉన్నవాళ్లు డౌన్‌లోడ్ చేసేముందు అక్కడే తెరిచి నాలుగు పేజీలు చూసుకోవడం మేలు. పేజీలు తలకిందులుగా, మసకగా ఉన్న స్కాన్లూ ఉంటాయి. అదే పుస్తకం వేరే స్కాన్ ఉందేమో చూడాలి.

నమ్మే ముందు ఐదు నిమిషాలు

ఉచితంగా దొరికిందని మంచి పుస్తకం అయిపోదు. ఇంకొకరికి పంపేముందు ఇవి చూసుకోవాలి.

మొదటి పేజీలు ఉన్నాయా? రచయిత పేరు, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం లేని పీడీఎఫ్‌ను చరిత్ర పుస్తకంగా ఎవరికీ పంపకూడదు. అది నిజమే కావచ్చు. కానీ నిజమో కాదో తేల్చుకునే దారి పాఠకుడికి లేకుండా చేసి పంపినట్టే.

ఎక్కడ తెలిసిందో చెప్పారా? మంచి చరిత్ర పుస్తకం శాసనం, ఫర్మానా, గెజెట్, పాత పత్రిక, ఏదో ఒక ఆధారం చూపిస్తుంది. "అందరికీ తెలిసిందే" అని రాసినచోట ఆగి ఆలోచించాలి. మనకు నచ్చే మాట రాసినప్పుడైతే ఇంకా ఎక్కువ ఆలోచించాలి. పరాయివాళ్లు మన గురించి ఆధారం లేకుండా రాస్తే బాధ కలుగుతుంది కదా. మన గొప్ప గురించి ఆధారం లేకుండా రాసినా అదే తప్పు. కాలేజీలో ఆ మాట చెప్పి నలుగురిలో నిరూపించలేక తలదించుకునేది మన పిల్లలే.

ఎప్పటి పుస్తకం? చరిత్ర, యాత్ర, ఆత్మకథ పాతబడవు. చట్టం, పన్ను, వైద్యం పాతబడతాయి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 2025లో వక్ఫ్ చట్టానికి పెద్ద సవరణలు జరిగాయి. అంతకుముందు అచ్చయిన పుస్తకం ఎంత మంచి లాయరు రాసినా ఇప్పుడు దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

ఇదే విషయం మీద ఇంకో పుస్తకం ఏమంటోంది? ఒక్క పుస్తకంతో సరిపెట్టకుండా రెండోది తిరగేస్తే మొదటిది ఎక్కడ ఎక్కువ చెప్పిందో, ఎక్కడ దాచిందో తెలిసిపోతుంది.

పంచుకునే పద్ధతి

అచ్చు పుస్తకం కొని ఎంతమందికి అరువిచ్చినా చట్టం అడ్డురాదు. బతికున్న రచయిత పుస్తకాన్ని మొత్తం స్కాన్ చేసి గ్రూపులో వేయడం మాత్రం నేరం. నేరం సంగతి పక్కన పెట్టినా, లెక్క చూడండి. తెలుగులో కథేతర పుస్తకం సాధారణంగా ఐదువందలో వెయ్యో కాపీలు వేస్తారు. చాలామంది రచయితలు సొంత డబ్బు పెట్టుకుంటారు. ఉదాహరణకు కాపీ 200 రూపాయలనుకుంటే, 300 మంది ఉన్న గ్రూపులో ఒక్క పీడీఎఫ్ పడటం అంటే 60 వేల రూపాయల అమ్మకం ప్రమాదంలో పడటం. అందరూ కొనేవాళ్లు కాదు, నిజమే. అందులో పదోవంతు కొన్నా తర్వాతి పుస్తకానికి కాగితం ఖర్చులో కొంత వచ్చేది. ముస్లింల జీవితం మీద తెలుగులో రాసేవాళ్లు అసలే కొద్దిమంది. వాళ్ల రెండో పుస్తకం రాకపోతే నష్టపోయేది ఈ పాఠకులే.

కాబట్టి గ్రూపులో పీడీఎఫ్‌కు బదులు నాలుగు ముక్కలు పంపడం అలవాటు చేసుకోవాలి: పుస్తకం పేరు, రచయిత పేరు, సంవత్సరం, దొరికే లింకు. దానికింద ఎందుకు చదవాలో ఒక్క వాక్యం. లింకు పంపితే చదివేవాళ్లు అసలు చోటికే వెళ్తారు, మొదటి పేజీలు ఎక్కడికీ పోవు.

ఆన్‌లైన్ బయట కూడా దారులున్నాయి. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే జిల్లా గ్రంథాలయ సంస్థ నడిపే లైబ్రరీకి ప్రతి ఇల్లూ డబ్బు కడుతూనే ఉంది. కట్టి వాడుకోకపోవడం ఎందుకు? కొద్ది డిపాజిట్‌తో సభ్యత్వం తీసుకోవచ్చు, కావాల్సిన పుస్తకం తెప్పించమని అడగొచ్చు, ఉర్దూ పుస్తకాలు పెట్టమని పదిమంది సంతకాలతో కాగితం ఇవ్వొచ్చు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. తెలుగు, ఉర్దూ, ఫార్సీ, ఇంగ్లిష్ ఒకే కప్పు కింద ఉన్న చోటు అది. కొనాలనుకునేవాళ్లకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, మచ్లీ కమాన్ వైపు ఉర్దూ దుకాణాలు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉన్నాయి.

బస్తీలో చిన్నగా మొదలుపెట్టాలంటే ఒక చెక్క రాక్, ఒక నోట్‌బుక్ చాలు. పేరు, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ. తెలుగు నేల మీద గ్రంథాలయ ఉద్యమం నడిపినవాళ్లు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. పడవ లేకపోయినా ఒక ఇంటి వరండా అందరికీ ఉంటుంది.

దాదీ చదవాలి, మనవరాలు రాయాలి

ఇక మొదట చెప్పుకున్న అల్మారా. ఫోన్ కెమెరా పెడితే అనువాదం చేసే యాప్‌లు వచ్చాయి కదా అంటారు. కంప్యూటర్‌లో టైపు చేసిన ఉర్దూ అయితే అవి కొంతవరకు చదువుతాయి. కానీ పాత ఉర్దూ పుస్తకాలు టైపు చేసినవి కావు. కాతిబ్ చేత్తో అందంగా రాస్తే, దాన్ని రాతి అచ్చు మీద వేసేవారు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, నుక్తాలు పక్కకు జరిగి ఉంటాయి. మెషీన్ అక్కడ తడబడుతుంది. దాదీ తడబడదు. ఆ పుస్తకాలను సులువుగా చదివే తరం ఇంట్లో ఇంకా ఉంది, కానీ ఎంతకాలం ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

అందుకని కొన్ని పనులు వాయిదా వేయకూడదు. అల్మారాలో ఉన్న పుస్తకాల జాబితా ఒకరోజు కూర్చుని రాయండి. పేరు, రచయిత, సంవత్సరం, ఊరు. పెద్దవాళ్లు చెబితే పిల్లలు తెలుగులో రాయాలి. ఆ పేర్లు రేఖ్తాలో, ఆర్కైవ్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఎక్కడా లేనిది, హక్కులు ముగిసినది ఉంటే పగటి వెలుతురులో ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసి, ఆర్కైవ్‌లో ఉచిత ఖాతా తెరిచి పెట్టొచ్చు. చెదలు తినకముందే ఒక ప్రతి మిగులుతుంది.

తర్వాత రోజుకు ఇరవై నిమిషాలు. దాదీ లేదా నానా ఒక పేజీ గట్టిగా చదవాలి. అక్షరాలు చిన్నవైతే ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి చూపించాలి. విన్నదాన్ని మనవరాలు తెలుగులో నాలుగు వాక్యాలుగా నోట్‌బుక్‌లో రాయాలి. అర్థం కాని మాట అక్కడే అడగాలి.

పిల్లలకు ఆ లిపి కూడా రావాలంటే సులువైన దారి పైన చెప్పిన పాఠ్యపుస్తకాలే. రాష్ట్ర ప్రభుత్వ మూడో తరగతి పరిసరాల విజ్ఞానం తెలుగు మీడియం పుస్తకం ఒక పక్క, ఉర్దూ మీడియం పుస్తకం ఒక పక్క పెట్టుకోవాలి. బొమ్మలు, పాఠాలు పోల్చుకుంటూ పోవచ్చు. విషయం ముందే తెలుసు, మాట నోటికి వచ్చినదే. మిగిలింది అక్షరం ఒక్కటే. మాట్లాడే భాషకు లిపి నేర్చుకోవడం పరాయి భాష నేర్చుకున్నంత కష్టం కాదు.

కొన్ని నెలల తర్వాత ఆ నోట్‌బుక్ తీసి చూస్తే దాదా చదివిన పుస్తకం ఒకటి మనవరాలి చేతిరాతలో, తెలుగులో కనిపిస్తుంది. మొదటి పేజీలో మాత్రం పుస్తకం పేరు, రచయిత పేరు, సంవత్సరం రాయడం మరిచిపోవద్దు. చదివి వినిపించినవారి పేరు కూడా.